ఎడారి సంస్థను నడిపేది ఎవరు? పన్నెండేళ్లు లెక్కలు రాసినదాని జవాబు

మీరు అడిగినది ఇది: జంతుశాస్త్రంలో ఎం.ఎస్సీ. పూర్తయింది, ఊరు అనంతపురం జిల్లాలో, జైసల్మేర్ దగ్గర ఎడారి పరిరక్షణ చేసే ఒక స్వచ్ఛంద సంస్థలో రెండేళ్ల ఉద్యోగం వచ్చింది. ఇలాంటి సంస్థలను ఎలాంటి మనుషులు నడుపుతారు, మంచి సంస్థో కాదో చేరకముందే ఎలా తెలుస్తుంది, ఇంట్లోవాళ్లకు ఏమని చెప్పాలి అని.

పశ్చిమ రాజస్థాన్‌లో రెండు సంస్థల్లో కలిపి పన్నెండేళ్లు పనిచేశాను. పక్షుల మీద ప్రేమతో వెళ్లినదాన్ని కాను. బి.కాం. చదివి, లెక్కలు చూడడానికి వెళ్లాను. అందుకని నా జవాబు రసీదుల వైపు నుంచి ఉంటుంది, ఏమీ అనుకోవద్దు. రసీదుల వైపు నుంచి చూస్తే సంస్థ ఎవరి మీద నడుస్తోందో బాగా కనిపిస్తుంది.

ఆ ప్రాంతంలో ఈ పని, సంస్థ అనే మాట కంటే చాలా పాతది. 1485లో జాంభోజీ అనే గురువు చెప్పిన 29 నియమాలను పట్టుకున్నవారే బిష్ణోయీలు. బీస్ అంటే ఇరవై, నౌ అంటే తొమ్మిది, పేరే లెక్క. పచ్చని చెట్టును కొట్టకూడదన్నది ఆ నియమాల్లో ఒకటి. 1730లో జోధ్‌పూర్ రాజుగారి కోట పని కోసం సున్నపు బట్టీలకు కట్టెలు కావాలని భటులు ఖేజడ్లీ గ్రామానికి వచ్చినప్పుడు, అమృతాదేవి మొదలుకుని 363 మంది చెట్లను కౌగిలించుకుని ప్రాణాలిచ్చారు. వాళ్లు కౌగిలించుకున్న ఆ ఖేజ్‌డీ మనకు పరాయి చెట్టేమీ కాదు, మన జమ్మి చెట్టే. దసరా నాడు మనం బంగారమని చేతిలో పెట్టే ఆకు దానిదే. తెలంగాణకూ రాజస్థాన్‌కూ అది రాష్ట్ర వృక్షం. మొదటిసారి దాని కాయలతో చేసిన సాంగ్రీ కూర తిన్నప్పుడు, జమ్మికాయలతో ఇంత రుచిగా వండుకోవచ్చని మనవాళ్లకు ఎందుకు తోచలేదా అనిపించింది.

ఫలోదీ దగ్గర ఖీచన్ అనే ఊరుంది. చలికాలంలో అక్కడికి కుర్జాలనే కొంగజాతి పక్షులు వేలకొద్దీ వచ్చి వాలతాయి. రతన్‌లాల్ మాలూ అనే జైన గృహస్థు 1970లలో వాటికి గింజలు వేయడం మొదలుపెట్టారు. తర్వాత ఊరు ఊరంతా అందులో దిగింది. దూరపు నగరాల్లో వ్యాపారాలు చేసుకునే ఆ ఊరి జైనులు డబ్బు పంపుతారు, ఊళ్లోవాళ్లు బస్తాలు విప్పి జొన్నలు చల్లుతారు. 2025లో అక్కడి చెరువులకు రామ్‌సర్ గుర్తింపు, అంటే అంతర్జాతీయంగా ముఖ్యమైన చిత్తడి నేల అన్న గుర్తింపు వచ్చింది. అప్పటిదాకా ఆ పని నడిచింది జొన్న బస్తాల లెక్క మీదే. నేను చూసినవాటిలో అంత శుభ్రమైన ఖాతా మరొకటి లేదు. ఈర్ష్యతోనే చెబుతున్నాను.

రిజిస్టరైన సంస్థల సంగతికి వస్తే, స్థాపించినవారిలో ఒకరికొకరు పోలికే ఉండదు. జోధ్‌పూర్ కేంద్రంగా పనిచేసే గ్రావిస్‌ను 1983లో ఎల్.సి. త్యాగి, శశి త్యాగి దంపతులు గాంధేయ పద్ధతిలో మొదలుపెట్టారు. టాంకాలు, ఖడీన్‌లు, అంటే వాననీటి తొట్లు, వాననీటిని కట్టతో ఆపి తేమ మీద పండించే పొలాలు, వారి ప్రధాన కార్యక్రమం. పాలీ జిల్లా సాద్‌డీలో ఉన్న లోక్‌హిత్ పశుపాలక్ సంస్థాన్ వెనుక ఇల్సే కోలర్ రోలెఫ్‌సన్ అనే జర్మన్ పశువైద్యురాలు, హన్వంత్ సింగ్ రాథోడ్ ఉన్నారు. ఒంటెల మీద పరిశోధనకని 1991లో వచ్చిన ఆమె రాయికా కాపరుల దగ్గరే ఉండిపోయారు. జోధ్‌పూర్‌లోనే ఉన్న జల్ భాగీరథీ ఫౌండేషన్‌కు అధ్యక్షులు మాజీ రాజవంశీకులు గజ్ సింగ్. గాంధేయులు, విదేశీ వైద్యురాలు, మహారాజు. వీళ్లందరికీ కావలసింది మాత్రం ఒక్కటే: ఊళ్లోవాళ్లు తమ పశువును విప్పి చూపించేంత నమ్మకం.

మీరు చేరాక రోజూ కలిసేది స్థాపకులను కాదు. మీరు వెళుతున్నది బట్టమేక ఉండే చోటికి. పేరులో మేక ఉన్నా అది గడ్డి నేలల్లో తిరిగే పెద్ద పక్షి, గ్రేట్ ఇండియన్ బస్టర్డ్; అక్కడివాళ్లు గోడావణ్ అంటారు. అక్కడ రాధేశ్యామ్ పేమాణీ బిష్ణోయీ పేరు తప్పక వింటారు. జైసల్మేర్ జిల్లా ధోలియా గ్రామస్థుడు. పెద్ద డిగ్రీలు లేవు. దెబ్బతిన్న జంతువులను బతికించే పని జోధ్‌పూర్‌లో నేర్చుకుని ఊరికి తిరిగి వచ్చాడు. ఎండాకాలం ట్యాంకర్లతో పశువుల తొట్లు నింపించేవాడు, కరెంటు తీగల కింద పడిన పక్షులను లెక్కపెట్టేవాడు, వేటగాళ్ల జాడ వినిపిస్తే రాత్రికి రాత్రే బండి తీసేవాడు. 2025 మే నెలలో వేటగాళ్ల సమాచారం అంది వెళుతుండగా జరిగిన రోడ్డు ప్రమాదంలో, అటవీశాఖ ఉద్యోగితో సహా మరికొందరితో కలిసి చనిపోయాడు. వయసు 28. దేశమంతటి పత్రికలూ రాశాయి. ఇలాంటివాళ్ల ఫోను అర్ధరాత్రి ఎవరికి మోగుతుందో చూడండి. ఆ ఫోను ఎత్తేవారే సంస్థను నడుపుతున్నట్టు.

మా దగ్గరా ఇలాంటి మనిషి ఒకాయన ఉండేవారు, ఒంటెల కాపరి. జీతం పట్టికలో ఆయన హోదా 'సహాయకుడు'. జూన్‌లో ఒక ఓరణ్‌లో, అంటే దేవుడి పేర వదిలిన మేత బీడులో, తొట్టి నింపించడానికి వారానికి రెండు ట్యాంకర్లు పంపేవాళ్లం. ఏడాది చివర ఆడిటర్ వచ్చి ఆ బిల్లుల దగ్గర ఆగారు. "నీళ్లు ఎవరికి ఇచ్చారు? లబ్ధిదారుల సంతకాలేవి?" చింకారా జింకలకు, నక్కలకు, కాపలా లేని ఆవులకు అని చెప్పాను. ఆయనకు నవ్వు రాలేదు. ఫైలులో సంతకాల కాగితం లేకపోతే అభ్యంతరం రాయాలి, అది ఆయన ఉద్యోగం. మా కాపరి తలుపు దగ్గర నేల మీద కూర్చుని ఉన్నారు. మెల్లగా లేచి, "సార్, తొట్టి చుట్టూ ఇసుకలో అందరూ వేలిముద్రలు వేసే పోయారు, వచ్చి చూసుకోండి" అన్నారు. ఆడిటర్ నిజంగానే వచ్చారు. తెల్లవారుజామున తొట్టి పక్కన తడి ఇసుకలో జింక గిట్టల జంట గుర్తులు, వాటి మీద నక్క అడుగులు, ఒక మూల పాము జారిన గీత. ఆయన వంగి చాలాసేపు చూశారు. ఆ తర్వాత ప్రతి ట్యాంకరుకూ తేదీ కనిపించేలా ఒక ఫొటో తీసి ఫైలులో పెట్టమని చెప్పి, అభ్యంతరం రాయకుండా వెళ్లారు. ఆ ఫొటోల ఫైలే తర్వాత మాకు జంతువుల రాకపోకల రికార్డుగా పనికొచ్చింది. మీలాంటి జంతుశాస్త్రం చదివినవారు దాని మీద పత్రం కూడా రాశారు. కాపరి పేరు అందులో లేదు. నాకు ఇప్పటికీ కడుపులో మండే విషయం అది.

ఇక డబ్బు. ఇక్కడ కొంచెం ఆగాలి, ఎందుకంటే మంచి సంస్థకూ ఉత్త సంస్థకూ తేడా తేలేది ఇక్కడే. డబ్బు ప్రధానంగా రెండు దారుల్లో వస్తుంది. ఒకటి విదేశీ విరాళం. 2020లో విదేశీ విరాళాల చట్టాన్ని సవరించాక, అది ఢిల్లీలో స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖలోని ఖాతాలోనే పడాలి, పరిపాలన ఖర్చు అందులో 20 శాతం దాటకూడదు, పెద్ద సంస్థ తీసుకుని చిన్న సంస్థకు పంచి ఇవ్వడం కుదరదు. అంతకుముందు పరిపాలనకు 50 శాతం దాకా వీలుండేది. ఊళ్లలో నలుగురితో నడిచే చిన్న సంస్థలు ఈ చివరి నియమంతో బాగా దెబ్బతిన్నాయి. రెండోది కంపెనీల సామాజిక బాధ్యత నిధి. 2013 కంపెనీల చట్టం ప్రకారం, ఒక స్థాయి దాటిన కంపెనీలు మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం ఇలా ఖర్చుపెట్టాలి. ఈ డబ్బు మార్చి 31 లోపు ఖర్చు కావాలని తొందరపెడుతుంది. ఎడారిలో పనికి తొందర పనికిరాదు.

ఒకసారి ఒక పెద్ద కంపెనీవారు మా దగ్గరికి వచ్చారు. యాభై వేల మొక్కలు, బోర్డులు, ప్రారంభోత్సవం, అన్నీ వాళ్లే చూసుకుంటారు, స్థలం చూపిస్తే చాలు అన్నారు. వాళ్లు చూపించమన్న స్థలం సేవణ్ గడ్డి మైదానం. కళ్లకు బోడిగా, ఖాళీగా కనిపిస్తుంది. ఆ గడ్డి వేళ్లే ఇసుకను పట్టి ఉంచుతాయి, పశువులు బతికేది ఆ గడ్డి మీదే, బట్టమేక గుడ్డు పెట్టేది కూడా అలాంటి బయలు నేల మీదే, అదీ ఒక్కోసారికి సాధారణంగా ఒకే గుడ్డు. దాని మధ్యలో చెట్లు లేపితే కాకులకూ గద్దలకూ కూర్చుని చూడడానికి మంచెలు కట్టి ఇచ్చినట్టే. మా కార్యదర్శి వాళ్లకు టీ ఇచ్చి, మజ్జిగ ఇచ్చి, చివరికి వద్దని చెప్పారు. ఆ ఏడాది మాకు రెండు నెలల జీతాలు ఆలస్యమయ్యాయి. నేనే చెక్కులు రాసేదాన్ని కాబట్టి ఎవరి ఇంట్లో ఎంత ఇబ్బంది అయిందో నాకు తెలుసు. అప్పుడు ఆ కార్యదర్శి మీద కోపం వచ్చిన మాట నిజం.

చెట్టు నాటడం పుణ్యమనే భావన మీద ఎడారిలో ఒకసారి పెద్ద దెబ్బే తగిలింది. మనం సర్కారు తుమ్మ అంటామే, ఆ చెట్టును 1940లో జోధ్‌పూర్ సంస్థానంలో రాజవృక్షంగా ప్రకటించి, కాపాడాలని ఆజ్ఞాపించారు. ఇసుకను ఆపుతుంది, కట్టెలిస్తుంది అనుకున్నారు. రెండూ చేసింది. దాంతోపాటు గడ్డినీ బావులనూ మేత బీళ్లనూ మింగుతూ పోయింది. కచ్‌లోని బన్నీ గడ్డి మైదానాల్లో దాన్ని గాండో బావళ్ అంటారు, పిచ్చి తుమ్మ అని. భుజ్‌లోని సహజీవన్ వంటి సంస్థలు అక్కడి మాల్‌ధారీ పశుపాలకులతో కలిసి ఏళ్ల తరబడి పనిచేస్తున్నాయి. 2010లో బన్నీ గేదెకు ప్రత్యేక జాతిగా గుర్తింపు రావడంలో ఆ పశుపాలకుల సంఘం పట్టుదల ఉంది. మన అనంతపురం చెరువు గట్ల మీద ఆ తుమ్మను చూసే ఉంటారు కాబట్టి ఇంతకంటే వివరించను.

జీతాలు, మొక్కల కంటే పెద్ద తగువు నేలది. ఓరణ్ అంటే దేవుడి పేర వదిలిన అడవి, మేత బీడు. పాలో గంగాజలమో ధారగా పోసుకుంటూ నడిచి హద్దు గీసేవారని పెద్దలు చెబుతారు. అక్కడ కొమ్మ నరకరు, పశువులు మేస్తాయి. రెవెన్యూ రికార్డులో మాత్రం చాలా ఓరణ్‌లు ప్రభుత్వ బంజరుగానే ఉన్నాయి. మన భాషలో చెప్పాలంటే దేవుడి మాన్యం పోరంబోకుగా నమోదైనట్టు. సౌరవిద్యుత్తుకు స్థలం కావాలనుకున్నవారికి పటంలో అదే ఖాళీగా కనిపిస్తుంది. జైసల్మేర్ దగ్గర దేగ్‌రాయ్ ఓరణ్ కోసం ఊళ్లోవాళ్లు కాలినడకన పరిక్రమ చేశారు, కోర్టులకు ఎక్కారు. 2024 డిసెంబరు 18న సుప్రీంకోర్టు, రాజస్థాన్‌లోని ఇలాంటి పవిత్ర వనాలను నేల మీదా ఉపగ్రహ పటాల మీదా గుర్తించి, అడవులుగా నోటిఫై చేయాలని ఆదేశించింది.

తీర్పు వచ్చిందని సంబరపడడం ఒక రోజు పని. ఫలానా సర్వే నంబరు ఫలానా దేవుడిదని చూపించడం ఏళ్ల పని. అది చేసేది పట్వారీ కార్యాలయం బయట బెంచీ మీద కూర్చునే ఓపిక ఉన్న మనిషి. మా సంస్థలో ఆ పని చేసినాయన పాత జమాబందీ, అంటే భూమి హక్కుల రికార్డు, నకళ్లను ప్లాస్టిక్ సంచీలో చుట్టి ఇంటి బీరువాలో పెట్టుకునేవారు. ఆఫీసులో పెట్టమంటే, "ఆఫీసు అద్దెది, ఇల్లు నాది" అనేవారు. మీకు సమయం ఉంటే డ్రోను ఎగరేయడం నేర్చుకునే ముందు ఆ నకలు చదవడం నేర్చుకోండి. ఉర్దూ మాటలు నిండిన పాత దస్తావేజు హిందీ, కొంచెం కష్టపడాలి.

ఇదంతా రాజస్థాన్ గొడవ అనుకోకండి. మీ ఊరి వైపునే చెన్నేకొత్తపల్లి దగ్గర టింబక్టు కలెక్టివ్ ఉంది. 1990లో సి.కె. గంగూలీ, మేరీ వట్టమట్టం, వారి మిత్రులు మొదలుపెట్టారు. బోడి గుట్టలను చుట్టుపక్కల ఊళ్లవాళ్లతో కలిసి కాపాడి కల్పవల్లి అనే అడవిగా మార్చారు. అక్కడా రికార్డులో అది బంజరే. అక్కడా గాలిమరలు వచ్చి గుట్టల మీద రోడ్లు తవ్వాయి, వ్యవహారం హరిత ట్రిబ్యునల్‌ దాకా వెళ్లింది. జైసల్మేర్ వెళ్లేముందు రెండు రోజులు వీలుచేసుకుని ఆ చుట్టుపక్కల ఊళ్లలో తిరిగి రండి. ఇక్కడ విన్నదే మీకు జైసల్మేర్‌లో మార్వాడీలో వినిపిస్తుంది.

సౌర, పవన విద్యుత్తు మీద నాకు శత్రుత్వం లేదు. ఇది రాసే కంప్యూటరుకూ కరెంటు కావాలి. అయితే బట్టమేకకు కళ్లు తలకు పక్కలకు ఉంటాయి, ఎదురుగా ఉన్న తీగ ఆలస్యంగా కనిపిస్తుంది, బరువైన పక్షి కాబట్టి చటుక్కున తప్పుకోలేదు. థార్‌లో తీగలు తగిలి ఏడాదికి 18 బట్టమేకలు చనిపోతున్నాయని డెహ్రాడూన్‌లోని భారతీయ వన్యప్రాణి సంస్థ అంచనా వేసింది. దేశం మొత్తం మీద బయట స్వేచ్ఛగా మిగిలినవే 150 లోపని అంచనా. ఎం.కె. రంజిత్‌సింహ్ అనే విశ్రాంత ఐఏఎస్ అధికారి, 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం రూపకర్తల్లో ముఖ్యులు, 2019లో సుప్రీంకోర్టుకు వెళ్లారు. 2021 ఏప్రిల్‌లో తీగలను భూమిలోకి దించాలని ఆదేశం వచ్చింది. అంత విస్తీర్ణంలో అది సాధ్యం కాదని ప్రభుత్వం చెప్పాక, 2024 మార్చిలో ఆదేశాన్ని సవరించి నిపుణుల కమిటీ వేశారు. సంస్థల బోర్డుల్లో విశ్రాంత అధికారులు ఎందుకని మీరు రేపు విసుక్కోవచ్చు, నేనూ విసుక్కున్నాను. ఒక ఫైలు ఎక్కడ ఆగుతుందో తెలిసిన మనిషి ఒక్కరైనా లేకపోతే, చచ్చిన పక్షుల ఫొటోలు మన ఫోనుల్లోనే ఉండిపోతాయి.

బట్టమేక గుడ్లను పొదిగించి పిల్లలను పెంచే పని ప్రభుత్వానిది. జైసల్మేర్ జిల్లాలోని సమ్, రామ్‌దేవ్‌రా కేంద్రాల్లో అది నడుస్తోంది, 2024 అక్టోబరులో కృత్రిమ గర్భధారణతో మొదటి పిల్ల పుట్టింది. ఆ పిల్లలు రేపు బయటికి వస్తే వాటికి గడ్డి నేల ఉండాలి, కుక్కలు ఉండకూడదు, ఊళ్లోవాళ్లకు వాటి మీద కోపం ఉండకూడదు. స్వచ్ఛంద సంస్థల వంతు ఇదే. ఊళ్లోవాళ్లకు కోపం వస్తే ఏమవుతుందో మా ఊరి దగ్గరే చూశాను. నాది నందికొట్కూరు వైపు. 1988లో రోళ్లపాడును బట్టమేకల కోసం అభయారణ్యం చేశారు. కాపలా పెరిగేసరికి కృష్ణజింకలు మందలయ్యాయి, మందలు పొలాల మీద పడ్డాయి. రైతు తిట్టుకున్నది జింకనే అయినా, అభయారణ్యం అన్న మాటే చేదైపోయింది. బట్టమేక ఇప్పుడు మా వైపు కనిపించడమే గగనం. చిన్నప్పుడు మా నాన్న సైకిలు ఆపి చూపించిన ఆ పక్షిని నేను మళ్లీ చూసింది జైసల్మేర్‌లోనే.

మీ రెండో ప్రశ్నకు సూటిగా. ఉద్యోగంలో చేరేముందు ఒకసారి వెళ్లి రండి, అదీ చలికాలంలో కాకుండా మే, జూన్‌లో. చలికాలంలో ప్రతి సంస్థా బాగుంటుంది. గత మూడేళ్ల ఆడిట్ నివేదిక అడగండి, అడిగినందుకు మొహం మాడ్చుకుంటే అదే సమాధానం. అందులో ప్రయాణాలకూ సమావేశాలకూ ఎంత, క్షేత్రంలో ఉన్నవారి జీతాలకూ బీమాకూ ఎంత అని పక్కపక్కన పెట్టి చూడండి. రాత్రి గస్తీకి వెళ్లే మనిషికి బీమా లేని సంస్థలో చేరవద్దు, ఎంత గొప్ప పేరున్నా సరే. అందరికంటే పాత ఉద్యోగి ఎవరో కనుక్కుని, ఆయన స్థానికుడా అని చూడండి. గడచిన అయిదేళ్లలో ఏ విరాళాన్ని వద్దన్నారో అడగండి. ఒక్కటీ గుర్తుకు రాకపోతే నేనైతే వెనక్కి వచ్చేస్తాను. చివరగా, పరిచయం చేయడానికి సంస్థవారు పక్కన లేకుండా, ఊరి టీ దుకాణంలో ఆ సంస్థ పేరు చెప్పి ఊరుకోండి. మిగతాది వాళ్లే చెబుతారు.

ఆడపిల్లలు ఎవరైనా ఇది చదువుతుంటే ఒక మాట: భయపెట్టినంత లేదు, అలాగని తేలికా కాదు. ముసుగు వేసుకున్న స్త్రీలు మగ అధికారి ముందు నోరు విప్పరు. టాంకా ఎక్కడ తవ్వాలి, మేకకు ఏ ఆకు పడదు, ఏ బావి నీళ్లు ఉప్పెక్కాయి అన్నది వాళ్లకే తెలుసు. వాళ్ల వంటింట్లో కూర్చోగలిగిన ఉద్యోగిని లేని సంస్థకు సగం ఎడారే తెలుస్తుంది. నాకు మార్వాడీ వచ్చింది అలా రొట్టెలు కాలుస్తూనే. జీతం తక్కువే, హైదరాబాదులో అదే అనుభవానికి వచ్చేదాంట్లో నాకు సగం వచ్చేది. రెండేళ్లకు మించి ఉండాలనుకుంటే ముందే ఆ సంగతి లెక్క వేసుకోండి.

ఇంట్లోవాళ్లకు ఏమని చెప్పాలి అన్నారు. మా ఇంట్లో మొదటి మూడేళ్లు 'రాజస్థాన్‌లో ప్రైవేటు కంపెనీ' అనే చెప్పుకున్నారు. ఒకసారి మా నాన్న వచ్చి పది రోజులు ఉన్నారు. మా కాపరి ఆయనను ఒంటె బండి ఎక్కించుకుని తెల్లవారకముందే తీసుకెళ్లారు. ఒకరి భాష ఒకరికి రాదు. ఎండ ఎక్కాక తిరిగి వచ్చి, మా నాన్న మంచినీళ్లు తాగి, "ఒకటి కనబడిందమ్మా, మగది" అన్నారు. ఊరికి వెళ్లాక అడిగినవారందరికీ మా అమ్మాయి బట్టమేకల దగ్గర కరణీకం చేస్తోందని చెప్పుకున్నారట.